తలుపు అవతల ఉండేదెవరు

నేనొక వీడియో గేమ్ జాయ్‌స్టిక్‌ను. ఏదో ఫ్యాక్టరీలో వేలమంది కవలలతో పుట్టి, విశాఖపట్నంలో ఒక ఇంజనీరింగు విద్యార్థి చేతుల్లో ఏడాదిపాటు నలిగి, సెకండ్ హ్యాండ్ సరుకుగా విజయనగరం చేరాను. అక్కడ గౌరినాయుడు నన్ను కొన్నాడు. అతనికి జిరాక్సు షాపు ఉండేది. ఇరవై ఆరేళ్లకే రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకొచ్చి, నీరసంగా గోడకు జారగిలబడి నన్ను చేతిలోకి తీసుకునేవాడు.

అతను ఆడేది ఒకటే ఆట. చివరి ఘట్టంలో, శత్రువులు కోటలోకి చొరబడకుండా రాతి తలుపు మూయాలి. అది బయటినుంచే మూతపడుతుంది. మూసినవాళ్లు తిరిగి రారు. ఆడేవాడు నడిపించే వీరుడి వెంట వచ్చిన వైద్యురాలు "నేనుంటాను" అంటుంది. ఎవరుండాలో ఆడేవాడే తేల్చాలి. గౌరినాయుడు ఆ ఆట తొమ్మిదిసార్లు ముగించాడు. తొమ్మిదిసార్లూ వీరుణ్ణే బలిచ్చాడు. బొటనవేలు ఒక్కసారైనా తడబడలేదు. మనుషులకు ప్రాణమివ్వడం ఇంత తేలికా అనుకునేదాన్ని.

అతని అక్క పైడితల్లి బస్సు కండక్టరు. తమ్ముడికి చెప్పకుండా పరీక్షలన్నీ చేయించుకుని, తన కిడ్నీ సరిపోతుందన్న కాగితంతో ఒక సాయంత్రం ఇంటికొచ్చింది. అతను ఆ కాగితం ముట్టుకోలేదు.

"నాకొద్దక్కా. నీ ఒళ్లు కోయించి నాను బతకాలా?"

పైడితల్లి కోప్పడలేదు. యూనిఫాం అయినా మార్చుకోకుండా పక్కన చతికిలబడి, తెరమీది రాతి తలుపు వంక చూసింది.

"ఆవిడ ఉంటానంటే ఎప్పుడైనా ఉండనిచ్చావేట్రా?"

"లేదు. పాపం కదా."

"పాపం కాదురా. ఇచ్చినోడికి పేరొస్తాది. పుచ్చుకున్నోడు బతికినన్నాళ్లూ మొయ్యాల. నీ భయం అదీ."

గౌరినాయుడు తెరవైపు తిరిగాడు. నన్ను పట్టుకున్న అరచేతులు చెమర్చాయి. ఆవిణ్ణి ఉండనిచ్చే ఆ ఒక్క బొత్తాం నొక్కడానికి అతని వేలు పడిన యాతన నేనెరుగుదును. వైద్యురాలు వెనక్కి చూడకుండా నడిచివెళ్లింది. తలుపు మూతపడింది. వీరుడు బతికాడు. అతను నన్ను ఒళ్లో వదిలేసి, అక్క భుజం మీద తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఆసుపత్రికి ఎప్పుడు రమ్మన్నారక్కా?" అన్నాడు కాసేపటికి.

ఆపరేషనయ్యాక ఇద్దరూ ఇంటికొచ్చారు. ఒకే గదిలో రెండు మంచాలు వేశారు.

"నొప్పిగా ఉందా అక్కా?"

"ఉందిరా. ఉండదేటి?"

ఆమె అబద్ధమాడలేదు. అతనూ మొహం తిప్పుకోలేదు. డాక్టర్లు కొన్నాళ్లు నిలబడే పని వద్దన్నారని పైడితల్లిని డిపోలో కుర్చీ పనికి మార్చారు. తనకు బస్సంటేనే ఇష్టమని ఒకే ఒక్కసారి అంది. ఆ మాట తమ్ముడు మర్చిపోలేదు.

నా బొత్తాలిప్పుడు పనిచేయవు. గూట్లో ఒక మూలన పడి ఉన్నాను. రోజూ పొద్దున్నే గౌరినాయుడు తన మాత్రలు వేసుకుని, చపాతీలు కాల్చి, అక్కకు క్యారేజీ కట్టి ఇస్తాడు. ఆమె వద్దనకుండా పుచ్చుకుంటుంది.