అరవై దాటినవాళ్లు

సారంగపాణిది తిరుపతి. ఆర్థికశాస్త్రం చదివి, హైదరాబాదు సచివాలయంలో కార్మికుల బీమా, పింఛను పథకాలు రూపొందించే ఉద్యోగంలో మంచి పేరు తెచ్చుకున్నాడు. ఎనభైల మొదట్లో పలుగురాయి మిల్లుల కూలీలకు వృద్ధాప్య పింఛను పథకం ఆయనే రాశాడు. అరవై నిండిన ప్రతి కూలీకీ పింఛను. జీవో రాకముందే ఒకసారి ఆ మనుషుల్ని చూడాలని పుత్తూరు అవతల ఉన్న ఒక ఊరికి వెళ్లాడు.

మిల్లు చుట్టూ చెట్ల ఆకులు కూడా రాతిపొడి పట్టి తెల్లగా ఉన్నాయి. ఒక ఇంట్లో దగ్గు ఆగితే పక్కింట్లో మొదలవుతోంది.

పొడి జల్లెడ పట్టే జ్ఞానాంబ ముఖానికి కట్టుకున్న కొంగు విప్పి మంచినీళ్లిచ్చింది.

"మిల్లులో చేసి ముసలివాళ్లైనవాళ్లతో మాట్లాడాలమ్మా. ఎవరున్నారు?"

"ముసిలోళ్లా? ఈడ యాడుండారు సారూ? మా నాయన ముసిలోడైనాకే పోయినాడు. అప్పటికింకా మిల్లు పెట్టలే. మా ఇంటాయన ముప్పై దాటినాక మంచం పట్టినాడు. మళ్లా లేసింది లేదు. ఇప్పుడు మిల్లులో ఆయన జాగాలో మా తమ్ముడుండాడు."

సారంగపాణి పథకాన్ని తిరగరాశాడు. వయసుతో పని లేకుండా ఊపిరి చెడినవాళ్లందరికీ పింఛను. పొడి అదుపు చేయని మిల్లు మూత.

పై అధికారి చదివి పక్కన పెట్టాడు. "పాతదే బాగుందయ్యా. ఆర్థిక శాఖ వాళ్లకీ నచ్చింది. ఖర్చే ఉండదట."

"ఎందుకుండదో వాళ్లకు తెలుసా సార్?"

"తెలిసే ఒప్పుకున్నారు."



పాత పథకానికే జీవో వచ్చింది. దాని ప్రారంభోత్సవం ఆ మిల్లు ఆవరణలోనే పెట్టారు. మేనేజరు కుప్పుస్వామి ఒక ముసలాయన్ను దండవేసి వేదిక ఎక్కించాడు. సారంగపాణి ఆయనవైపు వంగి అడిగాడు.

"తాతా, మిల్లులో ఏం పని చేసేవాడివి?"

"నేనా సామీ? నాది నగరి. మొగ్గం నేస్తా. శాలువ కప్పుతామంటే వచ్చినా."

సారంగపాణి మైకు అందుకున్నాడు. "ఈ మిల్లులో చేసి అరవై దాటినవాళ్లు ఎవరైనా ఉంటే లేవండి."

ఎవరూ లేవలేదు. జనంలోంచి దగ్గు మాత్రం వినబడింది. కుప్పుస్వామి మైకు లాక్కున్నాడు.

తర్వాత కొద్ది రోజులకే సారంగపాణిని పనిలేని విభాగానికి మార్చారు. ఉద్యోగం వదిలి తిరుపతి వచ్చేసి, కూలీల చేత మిల్లు మీద కేసు వేయించాడు. వాయిదా మీద వాయిదా. సాక్షులు ఒక్కొక్కరే పోతున్నారు. జ్ఞానాంబ తమ్ముడూ పోయాడు. ఆమె మాత్రం ప్రతిసారీ వచ్చేది.

ఒకరోజు చిత్తూరు కోర్టు మెట్ల మధ్యలో కూలబడిపోయింది.

"మీరు పోండి సారూ, నేను నిదానంగా వస్తా."

ఆయన వెళ్లలేదు. దగ్గు తెర తగ్గేదాకా పక్కనే నిలబడ్డాడు. పైన బంట్రోతు ఆమె పేరు పిలుస్తున్నాడు.