పురోహితుడు లేని గట్టిమేళము

శ్రావణమాసమున నొకనాటి పూర్వాహ్ణమందు నవజలధరమాలికాశ్యామలితమైన గగనము కృష్ణాతీరనగరమును మసకవెలుతురున ముంచియుండ వీధికి నావలి కల్యాణమండపమునుండి నాదస్వరము సన్నగా వినవచ్చుచుండెను. ఈవలి సంగీతకళాశాల పైయంతస్తున ఎలక్ట్రానిక్ సంగీతము నభ్యసించు పదునేడుగురు విద్యార్థులు చెవులకు హెడ్‌ఫోనులు దగిలించుకొని తమతమ కంప్యూటర్ల యెదుట మౌనముగా గూర్చుండిరి. ఒకరి పాట యింకొకరికి వినబడదు.

వారిలో నలువదిమూడేండ్ల మాల్యాద్రి గోడప్రక్క బల్లకడ నేకాకియై యుండెను. తండ్రి మరణింపగా డిగ్రీ చదువు నడుమనే విడిచి డోలు భుజమున కెత్తుకొని యిరువదియేండ్లు వివాహశతములందు గట్టిమేళము మ్రోగించి, తన యింట బట్టభద్రు డొక్కడును లేడను కొఱత మనసున ముల్లై యుండుటచే మరల జదువవచ్చినవా డాతడు. బయలుదేరునాడు నాదస్వరము వాయించు నన్న వెంకటప్పయ్య యొక్కమాటయే యనెను.

"కంప్యూటర్ ముందు ఒక్కడివే కూచోని ఎవరి పెళ్లి చేస్తావురా?"

నాడు ప్రాక్టికల్ పరీక్ష. తాను గూర్చిన పాటను మీట నొక్కి యెల్లరకు వినిపింపవలెను. తప్పినచో రెండవయేట సీటు లేదు. ఒక్కొక్కరికి నైదు నిమిషముల గడువు. తన డోలుదెబ్బలనే రికార్డుచేసి సాగదీసి యొకదానిపై నొకటి పేర్చి మాల్యాద్రి నాలుగునెలలు కూర్చిన పాట మూడు నిమిషములది.

వంతు రాగా నతడు మీటపై వ్రేలుంచి యట్లే నిలిచిపోయెను. ఒక నిమిషము గడచెను.

వెనుకబల్లనుండి యొక యువకుడు "బాబాయ్, ముహూర్తం ఇంకా రాలేదా?" అనగా దరగతి నవ్వెను.

అధ్యాపకురాలు హిమజ దగ్గఱకు వచ్చి "మెషీనేమన్నా ఇబ్బంది పెడుతోందా అండీ?" అని యడిగెను.

"లేదమ్మా, అది బానే ఉంది. తాళి కట్టేటప్పుడు పంతులుగారు వేలెత్తితేగాని మా చెయ్యి లేవదు. అలవాటైపోయింది."

"ఇక్కడ ఎవరూ ఎత్తరండీ. ఇంక మూడు నిమిషాలే ఉన్నాయి."

మాల్యాద్రి గదినంతయు నొకమాఱు కలయజూచెను. అన్ని కన్నులలో దనకు సైగచేయునది యొక్కటియు లేదు. పిమ్మట నెడమచేతి చూపుడువ్రేలిని దానే మెల్లగా బైకెత్తి, పరునివ్రేలిని జూచినట్లు వినయముతో జూచి, కుడిచేత మీట నొక్కెను.

డోలు గది నిండ మ్రోగెను. నవ్వినవారు నవ్వు మఱచిరి. పాట ముగిసిన పిమ్మటను ఆ వ్రేలు గాలిలో నట్లే నిలిచియుండెను. దింపుమని చెప్పువారును లేరు.