లింగంపేట దాటినాక

“తాడ్వాయోళ్లు ముందుకు జరుగుర్రి. ఆధార్ కార్డులు చేతిల పట్టుకోర్రి,” అంటూ రమ జనంలోకి చొరబడింది. పొద్దున్నుంచి ఇది మూడో ట్రిప్పు. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి. గానుగెద్దుకైనా కళ్లకు గంతలు కడతారు, రమకు అదీ లేదు. చీర మీద తొడుక్కున్న ఖాకీ చొక్కా చంకల కింద తడిసి నల్లబడింది. సంచి పట్టీ ఒరిసి ఒరిసి ఎడమ భుజం కాయ కాచింది. టికెట్ మిషను నొక్కీ నొక్కీ బొటనవేలి గోరు అరిగి పక్కకు వంగింది. ఏడేళ్ల కొలువు ఆమెకు పెట్టిన నగలు ఇవే.

రమకు ఒక కోరిక ఉంది. పెద్దదేం కాదు. ఇంకెవరో కండక్టరై తన చేతిలో టికెట్ పెడితే, కిటికీ పక్కన కూర్చుని, మొగుడి భుజం మీద తల వాల్చి, దిగాల్సిన ఊరు ఎప్పుడొస్తుందో పట్టించుకోకుండా పోవాలి. షార్జాలో క్రేన్ నడిపే శైలేందర్ ఈసారి ముప్పై రోజుల సెలవు మీద వస్తూ ఆ కోరికకు ఊటీ అని పేరు పెట్టాడు. పెళ్లయిన ఆరేళ్లలో ఇద్దరూ కలిసి పోయింది వేములవాడకు ఒక్కసారే. అప్పుడు వెంట పద్నాలుగు మంది. ఈసారి నాలుగు రోజులు, ఇద్దరే. డిపోలో అడిగితే సెలవు కూడా దొరికింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, అడ్డం తగిలింది ఇల్లే.

ఆడబిడ్డ నవత పెళ్లికి సరిగ్గా ఆ ముప్పై రోజుల్లోనే ముహూర్తం కుదిరింది. అందుకు ఎవరూ బాధపడలేదు. పెళ్లయ్యాక పదిహేను రోజులకు పైగా మిగులుతాయి కదా అని ఆలుమగలు లెక్క చూసుకున్నారు. లగ్నం రాసుకున్న రోజు శైలేందర్ నాయనమ్మ పెద్దవ్వ, ఐరేని కుండలు ఎవరు ఎత్తుతారని అడిగింది. కుమ్మరింటి నుంచి ఆ రంగు కుండలను తెచ్చి పెళ్లింట్లో నిలిపేది ఒక జంట. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. జనం ఎక్కడ ఆగినా ముందుకు జరపడం అలవాటైన మనిషాయె, రమ ఆగలేక “మేం ఎత్తుతం” అనేసింది. నాగిరెడ్డిపేటలో, ఆమె పుట్టింటి వైపు, కుండలు ఎత్తడమంటే ఎత్తి దించడమే. ఈ ఇంటి పద్ధతి వేరని నలుగురిలో మాట ఇచ్చాకే తెలిసింది.

“కుండలెత్తినోళ్లు పదహార్రోజుల పండుగ దాక పొలిమేర దాటొద్దు,” అంది పెద్దవ్వ. “దాటితే పెళ్లిపిల్ల కాపురం నిలవది.”

“మరి నేను దినాం కామారెడ్డి పోతగద అవ్వా?”

“డ్యూటీకి దోషం లేదు బిడ్డా. తిరుగుడుకే దోషం.”

రమకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెల్లెలి కాపురం అనేసరికి శైలేందర్ ఊటీ మాట పక్కన పెట్టేశాడు. రమ సెలవులన్నీ పెళ్లి పనులకే అయిపోయాయి. ఆ తర్వాత ఆమె రోజుకు నాలుగైదుసార్లు పొలిమేర దాటుతూ ఉంటే, అతను ఇంట్లో కూర్చుని చుట్టాలకు చాయలు అందించాడు. పదహారు రోజుల పండుగ మొన్న అయింది. ఇవాళ రాత్రికి అతని విమానం.

నిన్న పొద్దున అన్నం డబ్బా కడుతుంటే శైలేందర్ మెల్లగా అన్నాడు. “రేపు రెండు గంటలకు నీ బస్సుకే వస్త. లింగంపేట దాటినంక టికెట్లు కొట్టుడు అయిపోతది గద. ఆడికెల్లి నా పక్కన కూసో.”

“గంట సేపు గూడ ఉండది.”

“ఉన్నంతనే.”

ఊటీ కొండంత కోరిక దిగి దిగి లింగంపేట దగ్గర ఆగింది. రమకు అదే పదివేలనిపించింది. ఇవాళ డ్యూటీకి వస్తూ కొత్త జాకెట్టు వేసుకుంది, ఖాకీ కింద ఎవరికీ కనపడదని తెలిసీ.

రెండు గంటలకు ఎల్లారెడ్డి బస్టాండులో శైలేందర్ అందరికంటే ముందే ఎక్కాడు. పెట్టె పైన పెట్టి, మూడో వరుసలో తాను ఇవతల కూర్చుని, జేబులోంచి దస్తీ తీసి కిటికీ వైపు సీటు మీద పరిచాడు. నిమిషంలో బస్సు నిండింది. ఆ సీటు ఎవరు అడిగినా “మనిషున్నరు” అన్నాడు. డ్రైవర్ హనుమాండ్లు అద్దంలోంచి చూసి మీసాల చాటున నవ్వుకున్నాడు. రమకు సిగ్గేసింది, బాగుందనిపించింది కూడా.

బండి కదలబోతుంటే ఆటోలోంచి పెద్దవ్వ దిగింది. మోకాళ్లు లేస్తలేవు, నేను రాను అని పొద్దున చెప్పిన మనిషే.

“ఆడోళ్లకు టికెట్ లేకపాయె. పోరన్ని సాగనంపి ఇదే బస్సుల మర్లొస్త,” అంటూ జనాన్ని తోసుకుని మూడో వరుస దగ్గర నిలబడింది. దస్తీని చూసింది. “ఇదెవల సీటురా?”

శైలేందర్ రమ వైపు చూశాడు. ముసలామె కాళ్లు వణుకుతున్నాయి. చుట్టూ నిలబడ్డ వాళ్లంతా కండక్టరమ్మ ఏమంటుందా అని చూస్తున్నారు.

“ఎవలది గాదవ్వా,” అంది రమ. “కూసో.”

పెద్దవ్వ దస్తీ మీదే కూర్చుంది. శైలేందర్ పరాయివాడిలా “కామారెడ్డి ఒకటి” అన్నాడు. రమ టికెట్ కొట్టి ఇచ్చింది. లింగంపేట వచ్చింది, పోయింది. టికెట్లు అయిపోయాయి. రమ కడ్డీ పట్టుకుని అతని పక్కనే నిలబడింది. చల్లగాలికి పెద్దవ్వకు కునుకు పట్టి, తల మనవడి భుజం మీదికి వాలింది. రమకు కోపం రాలేదు. ఈర్ష్య పుట్టింది, ఎనభై ఏళ్ల ముసలామె మీద.

కామారెడ్డిలో హైదరాబాదు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. పెద్దవ్వ అతన్ని కావలించుకుని ఏడ్చింది. ఆమె వదిలేసరికి రమ వంతుకు టైము మిగల్లేదు.

“పోయొస్త,” అన్నాడు.

“పైలం,” అంది.

పెద్దవ్వను నీడన బల్ల మీద కూర్చోబెట్టి, ఎవరైనా ఏమైనా మరిచిపోయారా అని చూడటానికి రమ ఖాళీ బస్సెక్కింది. మూడో వరుసలో, కిటికీ పక్కన, నలిగి ముడతలు పడ్డ నీలం గళ్ల దస్తీ ఇంకా సీటు ఆపుతూనే ఉంది.