నాలుగో రోజు ఎండ

మైదా పిండిని ఉండలు కట్టకుండా ఉడకబెట్టడం ఫల్గుణకి ముప్ఫై ఏళ్ల అలవాటు. చన్నీళ్లలో జారుగా కలిపి, పొయ్యి మీద పెట్టి, పుల్లతో ఒకే వైపు తిప్పుతూ ఉండాలి. మెరుపు రాగానే దించెయ్యాలి. ఎండిపోయినట్టుండే పొట్టి మనిషి అతను. కొండలెక్కీ దిగీ పిక్కలు మాత్రం రాటల్లా గట్టిపడ్డాయి. కుడిచేతి గోళ్ల సందుల్లో ఎప్పుడూ తెల్లటి జిగురు. తలయారి ఉద్యోగం. ఆఫీసు నుంచి ఏ కాగితం వచ్చినా పంచాయతీలోని అయిదు ఊళ్లలోనూ అతికించి రావాలి.

"ఈసారైనా ఈతపుట్టు మావ కూతురు కనక అప్లై సేస్తాదేమో," అంది కూతురు నిర్మల, జడ అల్లుకుంటూ. బడికి బయల్దేరే వేళ అది. "మా బడికే ఇంకో వాలంటీరు కావాలట. ఏడేళ్ల కిందట నాతోపాటు వెయ్యనే లేదు. తెలివైందే గానీ బద్ధకం. అవకాశం అందరికీ ఒకటే కదా నాన్నా? అందుకున్నోళ్లు అందుకుంటారు."

ఫల్గుణ పుల్ల తిప్పడం ఆపేశాడు. పిండి అడుగంటిన వాసన వచ్చింది.

"బేగి ఎల్లు. బెల్లు కొట్టేస్తారు," అన్నాడు.

కాగితాలు సంచిలో పెట్టుకుని, జిగురు డబ్బా పట్టుకుని తిన్నగా ఈతపుట్టు దారి పట్టాడు. అయిదు ఊళ్లలోకీ ఎత్తున ఉన్నది అదే. మంచు ఇంకా విడలేదు. కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్ల నుంచి చుక్కలు చుక్కలుగా నీళ్లు రాలుతున్నాయి. ఏడేళ్లుగా అతను ముందు ఈతపుట్టుకే వెళుతున్నాడు. పింఛను జాబితా అయినా, టీకాల తేదీ అయినా, మొదటి కాగితం అక్కడే. తోటలో కూలి చేస్తూ కనక ఎదురుపడితే మాత్రం గోడకేసి తిరిగి, అతికించిన కాగితాన్నే మళ్లీ మళ్లీ అరచేత్తో అదిమేవాడు.

అప్పుడూ ఇలాంటి కాగితమే. చిన్నపిల్లలకు ఇంటి భాషలో, ఆదివాసీ ఒడియాలో, పాఠం చెప్పేందుకు ఒక్క వాలంటీరు కావాలి, ఇంటర్ చాలు అన్నారు. పంచాయతీ మొత్తంలో ఇంటర్ పాసైన ఆడపిల్లలు ఇద్దరే. ఒకరు నిర్మల. ఇంకొకరు ఫల్గుణ బావమరిది సోమన్న కూతురు కనక. మార్కులు ఎవరికెక్కువో ఫల్గుణకి తెలుసు. వారం రోజుల గడువు. నాలుగు ఊళ్లలో అతికించాడు. అయిదోది ఈతపుట్టు. వాన పట్టుకుంది, దారికడ్డంగా పారే గెడ్డ పొంగింది. మూడు రోజులు అలాగే ఉంది.

నాలుగో రోజు ఎండ కాసింది. ఆ రోజూ వెళ్లలేదు.

కాగితాన్ని మడిచి ఇంటి చూరులో దోపాడు. అక్కడే చెదలు తినేశాయి. "అయిదు ఊళ్లలోనూ అతికించడమైనది" అని రిజిస్టరులో సెక్రటరీ రాస్తే కింద సంతకం పెట్టాడు. దరఖాస్తు ఒక్కటే పడింది. ఉద్యోగం వచ్చిన రోజున కోళ్లు కోసి ఊరందరికీ భోజనాలు పెట్టాడు. సోమన్న కూడా వచ్చి కడుపునిండా తిని, "మన గుంటకే వొచ్చింది, అదే సాలు బావా," అన్నాడు. నిర్మల చెడ్డ టీచరు అయినా బాగుండేది. కాదు. బడి మానేసిన పిల్లల్ని కూడా ఇళ్లకు వెళ్లి పిలుచుకొస్తుంది.

ఈతపుట్టు చేరేసరికి కనక కొత్త చెప్పులు వేసుకుని వాకిట్లో నిలబడి ఉంది. పక్కన జిప్పు సంచి.

"ఎక్కడికమ్మీ?"

"తమిళనాడు మావా. నూలు మిల్లు. కింద జీపు ఆగుంది."

ఫల్గుణ గబగబా సంచిలోంచి కాగితం తీశాడు. తేదీలు కూడబలుక్కుని చదవడం వరకే అతని చదువు. "ఇది సూడు ముందు. పది రోజులు గడువుంది. నువ్వు రాయి, నేనిక్కడే కూకుంటాను. నేనే తీసికెల్లి ఆపీసులో ఇచ్చేస్తాను."

కనక నిలబడే చదివింది.

"డిగ్రీ కావాలట మావా."

"ఇంటరు సాలు కదా?"

"అప్పుడు సాలు."

నిర్మల ఉద్యోగంలో చేరాకే దూరవిద్యలో డిగ్రీ పూర్తి చేసింది. కనక కాగితం నలగకుండా తిరిగి ఇచ్చింది.

"అప్పుడు, ఆ కాయితం... గెడ్డ పొంగిపోనాది అమ్మీ."

ఇన్నేళ్ల తర్వాత కూడా ముందు అబద్ధమే వచ్చింది నోటికి.

"మూడు రోజులే కదా మావా పొంగింది," అంది కనక. గొంతులో కోపం లేదు. "సంతకెల్లినప్పుడు ఆపీసు గోడ మీద సూసినాను. తేదీ అప్పటికే దాటిపోయింది."

"మరి నన్ను అడగనేదేటి?"

"అడిగితే ఏటవుతాది? నిర్మల ఉద్యోగం పోతాది. దానికేటి తెలుసు, పాపం. మా అన్న కొడుకు దాని దగ్గరే ఎక్కాలు నేర్చుకున్నాడు." సంచి జిప్పు లాగుతూ అంది, "దానికి సెప్పకు మావా."

కింద నుంచి జీపు హారన్ వినిపించింది. సంచి అందుకుందామని ఫల్గుణ వంగాడు. అప్పటికే కనక భుజాన వేసుకుంది. తండ్రికి ఒక మాట చెప్పి, కాఫీ చెట్ల మధ్య బాట వెంట వెనక్కి తిరిగి చూడకుండా దిగిపోయింది.

ఆ కాగితంతో ఇంక ఈ ఊళ్లో ఎవరికీ పని లేదు. అయినా ఫల్గుణ జిగురు రాసి గోడకి అతికించాడు. నాలుగు మూలలూ అదిమాడు. అదిమిన చేతిని చాలాసేపు తియ్యలేదు.

సోమన్న లోపల్నించి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. ఆయనకి చూపు ఆనదు. "ఇదేటో సూడు బావా. గుంట ఇంక అక్కర్నేదని ఒగ్గేసింది. మిల్లోలకి ఆధారు కార్డొకటే సాలంట."

లోపల రెండు ఫోటోలు, రిబ్బన్లతో, ఏడేళ్ల కిందటి కనకవి. వాటి కింద, దరఖాస్తు పంపేందుకు ముందే స్టాంపులు అంటించిన గోధుమరంగు తపాలా కవరు. ఎడమవైపు గుండ్రటి అక్షరాలతో ఆమె పేరు, ఊరి పేరు. కుడివైపు "గారికి" అన్న ఒక్క మాట, దాని పైన ఇంకా రాయని చిరునామాకి నాలుగు వరుసల చోటు.