వినే నేస్తం

మా చెప్పుల కొట్టుకీ పక్కన కుట్టుపని చేసే చెల్లెమ్మ కొట్టుకీ మధ్య గోడ లేదు. నడుమెత్తు చెక్క అడ్డు మాత్రం ఉండేది. గది ఒకటే కాబట్టి అద్దె పంచుకుంటే ఇద్దరికీ గిట్టుతుందని మొదట్లో అనుకున్నాం. పోనుపోనూ అద్దె కంటే పెద్ద లాభమే కనబడింది. పిల్లవాడికి బూట్లు కొనడానికి వచ్చిన తల్లి వాడి ప్యాంటు పొట్టిదైపోయిందని ఇక్కడే గమనించి, అడ్డు మీదుగా కొలతలు ఇప్పించేది. ప్యాంటు పట్టుకొచ్చినవాడు తన బూట్ల అడుగు అరిగిపోయిందని అక్కడే గుర్తు చేసుకుని నా వైపు తిరిగేవాడు. మధ్యలో కమీషన్ల గొడవ లేదు, మాట పట్టింపు లేదు. ఇంత నికరమైన పొత్తు నేను మళ్ళీ చూడలేదు.

నేను ఆమెను చెల్లెమ్మా అనేవాణ్ణి. ఆమె నన్ను అన్నయ్యా అనేది. చుట్టరికం ఏమీ లేదు, పిలిచి పిలిచి అదే చుట్టరికమైంది. ఆమె కూతురూ మా అమ్మాయీ ఒకే హైస్కూల్లో తొమ్మిదో తరగతి. ఆ పిల్లను అందరూ పిట్ట అంటారు. సన్నగా ఉంటుంది, నలుగురిలో నోరు విప్పదు. మా అమ్మాయి దొరికితే మాత్రం కబుర్లకు అంతు ఉండేది కాదు. సాయంత్రం అయితే చాలు, అడ్డుకు అటొకరూ ఇటొకరూ మోచేతులు ఆనించి గుసగుసలు. బేరం చేసుకుంటున్న నాకు వాళ్ళ నవ్వు అడ్డొచ్చేది. విసుక్కునేవాణ్ణి కానీ వెళ్ళిపొమ్మని ఎప్పుడూ అనలేదు.

పిట్ట తండ్రి ఓడ మీద పనికి వెళ్ళాడని చెల్లెమ్మ చెప్పింది. ఎప్పుడొస్తాడని నేను అడగలేదు. ఎదుటివాళ్ళు ఎంతవరకు విప్పి చూపిస్తే అంతవరకే చూడాలి. కొట్లో కూర్చున్నవాడికి ఆ మాత్రం తెలియకపోతే కష్టం.

ఆ ఏడు స్కూల్లో ఒక కొత్త పద్ధతి పెట్టారు. పెద్దవాళ్ళకు చెప్పుకోలేని దిగుళ్ళు పిల్లలు తోటిపిల్లలకు చెప్పుకుంటారట. అందుకని నమ్మకస్తులైన కొందరిని ఏరి, ‘వినే నేస్తం’ అని రాసిన నీలం బ్యాడ్జీ ఇచ్చారు. మనసు బాగోలేనివాళ్ళు ఆ బ్యాడ్జీ ఎక్కడ కనబడితే అక్కడికి వెళ్ళవచ్చు. ఇదంతా నడిపించే మేడం ఒకావిడ ఉంది. కనబడిన ప్రతి పిల్లనూ ఆపి “ఎలా ఉన్నావ్?” అని అడగడం ఆమె అలవాటు. పిల్లలు ఆమెకు ఎలా-ఉన్నావ్ మేడం అని పేరు పెట్టేశారు. అర్జెంటుగా బాత్రూంకు పరిగెత్తేవాణ్ణి కూడా వదలదని మా అమ్మాయి పడీపడీ నవ్వేది.

మా అమ్మాయికి బ్యాడ్జీ వచ్చిన రోజు మా ఆవిడ నమ్మలేదు.

“వినడానికి ఇదా దొరికింది వాళ్ళకి? ఇంట్లో గొంతు పోయేలా అరిస్తే గానీ పలకదు.”

“ఇంట్లో బ్యాడ్జీ పెట్టుకోను కదమ్మా!”

కొన్నాళ్ళు ఆ హుషారు నడిచింది. తరవాత మా పిల్ల డీలా పడింది. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేది. పడుకున్నా కళ్ళు తెరుచుకునే ఉండేది. పరీక్షల భయమని నేను లెక్క వేసుకున్నాను. పరీక్షలైతే అదే పోతుందిలే అని వదిలేశాను.

టర్మ్ ఆఖరున స్కూలు వాళ్ళు వార్తలు అచ్చు వేసి ఇంటింటికీ పంపుతారు. ఆటల్లో ఎవరు గెలిచారు, సెలవులు ఎప్పటి నుంచి, కొత్త లైబ్రరీకి ఎవరేం ఇచ్చారు, ఇవీ సంగతులు. ఈసారి మొదటి పేజీలోనే మా అమ్మాయి ఫొటో. బ్యాడ్జీ మెరుస్తోంది, పిల్ల నవ్వుతోంది. కింద ‘మన వినే నేస్తం ఒక ప్రాణాన్ని ఎలా నిలబెట్టింది, లోపల చదవండి’ అని ఉంది. సెలవుల ముందు కొట్లో ఊపిరాడనంత బేరం. లోపలిది రాత్రికి తీరిగ్గా చదువుకుందామనుకుని, గల్లాపెట్టె పైన అందరికీ కనబడేలా క్లిప్పు పెట్టి తగిలించాను.

వచ్చినవాళ్ళందరూ చూశారు. కొందరు తిప్పి లోపలా చదివారు. ఒకావిడ చెప్పులు తొడుక్కుంటూ, “మీ అమ్మాయిని ఒక పూట మా ఇంటికి పంపండి. మా అత్తగారి మాటలు వినడానికి మనిషి కావాలి, నావల్ల కావడం లేదు” అంది. కొట్టంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పూట నేను కొలిచిందీ కట్టిందీ అంతా ఆ కాగితం కింద నిలబడి కొలిచిందే, కట్టిందే.

మధ్యాహ్నం బేరం సద్దుమణిగాక చెల్లెమ్మ మెడలో టేపుతోనే ఇటు వచ్చింది.

“ఇలా ఇవ్వన్నయ్యా. ఊరంతా చదివింది. నా మేనకోడలి గొప్ప నేను చదవకపోతే ఎలా?”

కాగితం తీసి ఇచ్చాను. స్టూలు మీద కూర్చుని పైకే చదవడం మొదలుపెట్టింది.

“‘తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి. ఇంటి నుంచి తెచ్చుకున్న అన్నం రోజూ ఎవరూ చూడకుండా చెత్తబుట్టలో పారేసేది. మన వినే నేస్తం అది గమనించింది...’ చూశావా అన్నయ్యా, ఎంత కనిపెట్టుకుని ఉంటుందో! ‘నాన్న దూరాన పనిలో ఉన్నాడని ఇంట్లోవాళ్ళు అందరికీ చెబుతారు. నిజానికి ఆయన ఇదే ఊళ్ళో వేరే...’”

అక్కడ ఆగింది. మిగతాది పెదవులు కదపకుండా చదివింది. చదివాక కాగితం మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

“ఏమైంది చెల్లెమ్మా?”

కాగితం నా వైపు తోసింది. ‘వేరే కాపురం పెట్టాడు. రాత్రి పొద్దుపోయేదాకా తల్లి కుట్టుమిషను తొక్కుతూ, ఆ చప్పుడు మాటున ఏడుస్తుంది. ఆ మిషను ఆగితే గానీ ఆ చిట్టితల్లికి నిద్ర పట్టదు’ అని ఉంది.

“ఓడ అన్న మాట ఒక్కటే రాయలేదు” అంది ఆమె. “అదీ రాసేస్తే సరిపోయేది. ఎప్పుడు తగిలించావు?”

“పొద్దున.”

“చదవలేదా?”

“లేదమ్మా. ఫొటో చూసి...”

“నువ్వా? చిల్లర సరుకు బిల్లు కూడా రెండుసార్లు చూసేవాడివి. ఈ ఒక్క కాగితం మాత్రం చదవకుండా పెట్టావా?”

ఆమె లేచి తన వైపుకు వెళ్ళిపోయింది. మిషను మీద సగం కుట్టిన ప్యాంటు అలాగే ఉంది. ముట్టుకోలేదు.

సాయంత్రం మా అమ్మాయి రాగానే కాగితం ముందు పడేశాను. చదువుతూ చదువుతూ గోడకు జారబడింది.

“నేను రాయలేదు నాన్నా. ఒట్టు.”

“మరి ఎవరికి చెప్పావు?”

“బ్యాడ్జీ వాళ్ళందరికీ వారం వారం మీటింగు ఉంటుంది. విన్నవాళ్ళు బరువు మొయ్యకూడదు, ఇక్కడ దింపేసి వెళ్ళండి, ఈ గడప దాటదు అంటుంది మేడం. పిట్ట చెప్పినప్పటి నుంచీ నాకు నిద్ర పట్టేది కాదు. ఎవరికో ఒకరికి చెప్పకపోతే... పేరు కూడా చెప్పలేదు నాన్నా. మిషను సంగతి మాత్రం నోరు జారాను.”

“రాస్తున్నారని నీకు తెలియదా?”

“ఫొటో తీసేటప్పుడు, వినడం ఎంత మంచిదో రాస్తాను అంది. ఇది రాస్తుందని నాకేం తెలుసు?”

అడ్డు అవతల పిట్ట నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో మేమిద్దరం చూడలేదు.

“నేను ఎవరికీ చెప్పొద్దన్నాను” అంది.

మా అమ్మాయి అడ్డు దగ్గరికి ఉరికింది. “మేడం ఎవరికీ చెప్పనంది పిట్టా. నమ్మాను.”

“నేనూ నిన్ను అలాగే నమ్మాను.”

అంతే అంది. అరవలేదు, ఏడవలేదు. బ్యాగు భుజాన వేసుకుని తల్లి చెయ్యి పట్టుకుంది. వాళ్ళు ముందు తలుపు నుంచి కాక, వెనక సందులోంచి వెళ్ళారు.

మర్నాడు కొట్టు మా ఆవిడకు అప్పగించి, అమ్మాయిని వెంటబెట్టుకుని స్కూలుకు వెళ్ళాను. మేడం గది బాగుంది. మెత్తటి కుర్చీలు, గోడల నిండా పిల్లలు వేసిన బొమ్మలు. ఆమె కూడా కుటిలమైన మనిషేం కాదు. అక్కడే నాకు చిక్కొచ్చి పడింది. మోసం చేసేవాడితో బేరమాడటం నాకు తెలుసు. మంచి చేశాననుకునే మనిషితో ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

“పేరు ఎక్కడా వెయ్యలేదండీ. చాలా జాగ్రత్తపడ్డాను.”

“పేరొక్కటే వెయ్యలేదు. మిగతాదంతా వేశారు. మా వీధిలో కుట్టుమిషను ఒక్కటే ఉంది.”

“ఆ వాక్యం చదివి ఎంతమంది కంటతడి పెట్టారో మీకు తెలియదు. అది లేకపోతే మామూలు నీతి పాఠంలా ఉండేది.”

“కంటతడి వాళ్ళది, పోయింది వీళ్ళది. నేను పాడైన జత అమ్మితే వెనక్కి తీసుకుంటానండీ. మీరేం వెనక్కి తీసుకుంటారు?”

“ఇళ్ళకి చేరిపోయాయి కదా, ఏం చెయ్యను చెప్పండి? కావాలంటే ఆ తల్లితో నేనే మాట్లాడతాను. కానీ ఒక్క మాట వినండి. అది చదివాక ఇద్దరు పిల్లలు నా దగ్గరికి వచ్చి మనసు విప్పారు.”

“వాళ్ళ కథ వచ్చే టర్మ్‌లో వేస్తారా?”

ఆమె ముఖం పాలిపోయింది. అనవలసిన దానికంటే ఎక్కువే అన్నానేమో. అయినా వెనక్కి తీసుకోవాలనిపించలేదు. ఆమె కాసేపు బల్ల మీది కాగితాలు సర్దింది. తరవాత అలవాటుకొద్దీ మా అమ్మాయి వైపు తిరిగి, “నువ్వు ఎలా ఉన్నావ్?” అంది.

మా అమ్మాయి బ్యాడ్జీ విప్పి బల్ల మీద పెట్టింది.

“అదేంటమ్మా, నీ తప్పేం లేదు.”

“ఉంది మేడం. నాదీ ఉంది, మీదీ ఉంది” అని బయటికి నడిచింది.

వీధి ఊరుకుంటుందా? ఎదుటి తాళాల కొట్టువాడికి నోటి దురద ఎక్కువ. చెల్లెమ్మ షట్టర్ ఎత్తుతుంటే అక్కడి నుంచే కేకేశాడు.

“ఏమమ్మా, ఓడ ఒడ్డుకొచ్చిందా?”

“వచ్చింది. ఎక్కుతావా? టికెట్ తీసిపెడతాను” అంది ఆమె.

అటూ ఇటూ ఉన్నవాళ్ళు వాణ్ణి చూసి నవ్వారు. వాడు లోపలికి పోయాడు. అప్పుడు మేము గెలిచామనుకున్నాను. ఆ పూటే ఆమె వడ్రంగిని పిలిపించి, చెక్క అడ్డు మీద సీలింగు దాకా ప్లైవుడ్ కొట్టించింది. మేకులు దిగుతున్నంత సేపూ నేను డబ్బాలు సర్దుతున్నట్టు నటించాను. అద్దె లెక్కలో మార్పేమీ లేదని వడ్రంగితో చెప్పి పంపింది. నాతో నేరుగా అనలేదు.

గల్లాపెట్టె చూసుకుంటే నాకు నష్టం రాలేదు. జనం బయటి నుంచి చుట్టు తిరిగి ఆమె దగ్గరికి వెళ్ళేవాళ్ళు, అటు నుంచి ఇటు వచ్చేవాళ్ళు. బేరం బేరంగానే నడిచింది. ప్లైవుడ్ వెనక మిషను చప్పుడు మాత్రం పగలంతా వినబడేది. మా అమ్మాయి సెలవుల్లో కొట్లో నాకు సాయం చేస్తూ, ఆ చప్పుడు ఆగినప్పుడల్లా తల ఎత్తేది. రెండుసార్లు అటు వెళ్ళి పలకరించింది. పిట్ట లేదని చెప్పి పంపేశారట. లోపల కత్తెర చప్పుడు వినబడుతూనే ఉందట.

సెలవులు అయిపోవస్తుండగా తల్లీకూతుళ్ళు మా కొట్లోకి వచ్చారు. నేను లేచి నిలబడ్డాను.

“గోధుమరంగు లేసు బూట్లు కావాలి” అంది చెల్లెమ్మ. “పిల్లను వేరే స్కూల్లో వేశాను. వాళ్ళకి ఆ రంగట.”

“కబురు చేస్తే నేనే తెచ్చిచ్చేవాణ్ణి కదమ్మా.”

“వేరే కొట్టుకి వెళ్తే, పక్కనే ఉంటే ఇంత దూరం ఎందుకొచ్చావని అడుగుతారు. జవాబులు చెప్పే ఓపిక నాకు లేదు.”

అన్నయ్యా అనలేదు. పిట్ట స్టూలు మీద కూర్చుంది. మా అమ్మాయి నేను చెప్పకముందే డబ్బా తీసుకొచ్చి ఆ పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. బూటు తొడిగి, లేసు బిగించి, ముందు భాగం బొటనవేలితో నొక్కి చూసింది. నేను నేర్పిన పద్ధతే. నాకు నిలబడిన చోటు నుంచే తెలిసిపోయింది. సెలవుల్లో పిల్ల పాదం పెరిగింది. తోలు వేళ్ళ మీద పొంగి కనబడుతోంది.

“బిగుతుగా ఉందా?”

“సరిపోయింది.”

“ఒకసారి నడిచి చూడు.”

పిట్ట నడిచింది. అద్దం దాకా వెళ్ళి వచ్చింది. పాదం పూర్తిగా ఆనించకుండా వేస్తోంది.

“పెద్ద సైజు తేనా పిట్టా? నొక్కుతోంది కదా.”

“లేదు. బాగున్నాయి.”

ఒకప్పుడు వేలికి ముల్లు గుచ్చుకున్నా అడ్డు దగ్గరికి పరిగెత్తుకొచ్చి మా అమ్మాయికే చూపించిన పిల్ల. ఇప్పుడు బూటు నొక్కుతోందని కూడా చెప్పడం లేదు.

చెల్లెమ్మ పర్సు తెస్తానని తన వైపు వెళ్ళింది. పిట్ట తలుపు దగ్గర వీధిలోకి చూస్తూ నిలబడింది. నేను చప్పుడు చెయ్యకుండా పై అర నుంచి పెద్ద సైజు జత తీసి, డబ్బాలో చిన్నవాటి బదులు అవి సర్దబోయాను. ఇంటికి వెళ్ళి తొడుక్కుంటే సుఖంగా ఉంటాయి, ఎలా మారాయో తెలిసినా తెలియకపోయినా ఒకటే అనుకున్నాను. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది.

“ముందువే పెట్టు నాన్నా.” గొంతు బాగా తగ్గించింది.

“కాళ్ళు బొబ్బలెక్కుతాయే.”

“తెలుసు. కానీ తను వద్దంది. తను వద్దన్నాక మనం చాటుగా మంచి చెయ్యకూడదు. మళ్ళీ అదే అవుతుంది.”

ఇన్నేళ్ళ వ్యాపారంలో నాకు ఎదురు చెప్పిన ఉద్యోగి లేడు. చిన్న జతనే మళ్ళీ డబ్బాలో పెట్టి మూత వేశాను. చెల్లెమ్మ వచ్చి డబ్బు బల్ల మీద పెట్టి ముందు నడిచింది. మా అమ్మాయి డబ్బాను రెండు చేతులతో పిట్టకు అందించింది.

“నొక్కితే తీసుకురా. ఎప్పుడైనా మారుస్తాం.”

కొన్న ప్రతివాళ్ళకూ మేము చెప్పే మాటే అది. పిట్ట డబ్బా చంకలో పెట్టుకుని, “సరేనండీ” అంది. మా ఇద్దరిలో ఎవరితో అన్నదో తెలియలేదు.