డబ్బా జారిపడలేదు

నేను ఒక పోపుల డబ్బాని. దెబ్బతోనే పుట్టాను. స్టీలు రేకును అచ్చు మీద పరిచి, పైనుంచి మరతో ఒక్క గుద్దు గుద్దారు. ఆ గుద్దుకే నాకు అడుగూ గోడలూ వచ్చాయి. నా లోపలి ఏడు గిన్నెలూ అలాగే పుట్టాయి. అయితే మరకు నా మీద కోపం లేదు. కోపంతో కొట్టే దెబ్బ ఎలా ఉంటుందో గుంటూరు వచ్చాకే తెలిసింది.

తిరుపతమ్మ పెళ్ళిలో ఆమె మేనత్త నన్ను చదివించింది. మూత మీద తన పేరు చెక్కించి మరీ ఇచ్చింది. కొత్త కాపురంలో తిరుపతమ్మ నన్ను కడిగి, తుడిచి, ఆవాలు పోయబోతోంది. అంతలో ఆమె భర్త పానకాలరావు వచ్చి, గిన్నెలు లెక్కపెట్టి, "ఏడున్నయ్యా? ఇది నాకియ్యి. పోపులు సీసాల్లో పోసుకో" అన్నాడు.

అతను మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలో గుమాస్తా. జీతం రాగానే నన్ను ముందు పెట్టుకుని నోట్లు పంచేవాడు. అద్దెకొక గిన్నె, బియ్యం పప్పులకొకటి, కరెంటుకు, గ్యాసుకు, బడికి, మందులకు తలా ఒకటి. నడిమి గిన్నె పాలకూ కూరలకూ. ఒక గిన్నెలోది ఇంకో గిన్నె పనికి వాడకూడదని చట్టం. తిరుపతమ్మ దేనికెంత తీసిందో సాయంత్రం అప్పజెప్పాలి. వీధిలో ఆడవాళ్ళంతా "సంసారమంటే పానకాలరావుగారిది" అని మొగుళ్ళను దెప్పేవారు. అతను అరుగు మీద కూర్చుని పొదుపు గురించి ఉపన్యాసాలిచ్చేవాడు. లెక్క కుదిరిన ఇంటిని చూస్తే మనుషులకు ఎంత ముచ్చటో! అది ఎలా కుదురుతోందని మాత్రం ఒక్కరూ అడగరు.

వాళ్ళ కూతురు ఝాన్సీకి మూడేళ్ళప్పుడు జ్వరం వచ్చి ఒళ్ళు పేలిపోయింది. మందుల గిన్నె ఖాళీగా ఉంది. తిరుపతమ్మ పాల గిన్నెలోంచి తీసి మందు కొనుక్కొచ్చింది. సాయంత్రం ఆ సంగతి చెప్పిందో లేదో, పానకాలరావు నన్నెత్తి ఆమె మీదికి విసిరాడు. నేను ఆమె భుజానికి తగిలి, గడపకు కొట్టుకున్నాను. డబ్బు గదంతా చెదిరింది. ఆమెను జుట్టు పట్టి వంచి, ఒక్కొక్క రూపాయీ ఏరించాడు. పక్కన మంచం మీద పిల్ల మూలుగుతూనే ఉంది.

పక్కింటి మస్తాన్‌బీ గోడ అవతలి నుంచి, "ఏంది తిరుపతమ్మా, ఆ చప్పుడు?" అని కేకేసింది.

"ఏం లేదక్కా. డబ్బా జారిపడింది."

అది మొదటిసారి. ఆ తర్వాత ఆ ఇంట్లో నేను ఎన్నిసార్లు జారిపడ్డానో! ఆమె పెదవి చిట్లినా నేనే జారిపడ్డాను, మోచెయ్యి వాచినా నేనే. స్టీలు దాన్ని కాబట్టి సరిపోయింది, లేకపోతే సిగ్గుతో చచ్చేదాన్ని. ఒట్టు, నేను నా అంతట నేను ఎప్పుడూ జారిపడలేదు.

ఆ గడప దెబ్బకు నా పక్క సొట్టపోయి, గిన్నెలన్నీ ఒకదానికొకటి బిగుసుకుపోయాయి. నడిమి గిన్నె కాస్త ఒరిగి, దాని పక్కన సన్నని సందు పడింది. గిన్నెలు పైకి రాకపోయేసరికి పానకాలరావు, "డబ్బులుండేదాన్ని కడిగేదేముందిలే" అని వదిలేశాడు. పాలవాడిచ్చిన చిల్లర తిరుపతమ్మ ఆ గిన్నెలో వేసినప్పుడు, అప్పుడప్పుడు ఒక రూపాయి అంచుకు తగిలి, సందులోంచి జారి నా అడుక్కి పోయేది. ఎవరికీ కనపడేది కాదు. అతని చేతి దెబ్బకు పడిన సందే అతని లెక్కను మింగుతోంది. లెక్క తగ్గిన ప్రతిసారీ అతను తిరుపతమ్మను బెల్టుతో కొట్టేవాడు. నాకు నోరు లేదు. ఉంటే ఆ వీధంతా లేచేలా అరిచేదాన్ని.

ఝాన్సీకి పదేళ్ళు వచ్చాయి. ఒకరోజు పాల గిన్నెలో నాలుగు రూపాయలు తగ్గాయి. పానకాలరావు బెల్టు తీయలేదు. కూతురి వంక చూశాడు.

"నువ్వే గదే తీసింది? ఐసు కొనుక్కున్నావా?"

"నేను తీయలా నాన్నా! అమ్మ తోడు!"

"చెయ్యి కాలిస్తేగానీ దొంగబుద్ధి పోదు" అంటూ అతను స్టవ్ వెలిగించి అట్లకాడ మంట మీద పెట్టాడు. పిల్ల మణికట్టు పట్టుకుని లాక్కొచ్చాడు. పిల్ల కాళ్ళు నేల మీద తన్నుకుంటున్నాయి. తిరుపతమ్మ అతని కాళ్ళ మీద పడింది. అతను కడుపులో తన్నాడు. ఆమె గోడకు కొట్టుకుని, మెల్లగా లేచింది. అట్లకాడ ఎర్రబడింది. అతను దాని పిడి అందుకున్నాడు.

అప్పుడామె రెండు చేతులతో నన్ను ఎత్తింది.

నా అంచు అతని కణతకు తగిలింది. అట్లకాడ ఎగిరి అవతల పడింది. రెండో దెబ్బ తల మీద పడగానే ఏళ్ళ తరబడి బిగుసుకుపోయిన గిన్నెలు ఫట్‌మని ఊడి వచ్చాయి. వాటి కింద దాగిన రూపాయలన్నీ నేల మీద గలగలా రాలాయి. నల్లబడి, జిడ్డుపట్టి, ఒక్కొక్కటీ ఒక్కొక్క చావుదెబ్బ ఖరీదు. తిరుపతమ్మ వాటిని చూసింది. ఏమిటో అర్థమైంది. అర్థమయ్యాక ఇంకో దెబ్బ కొట్టింది. నిజం చెబుతున్నాను, ఆ మూడోది నాకు మహా తృప్తినిచ్చింది.

పానకాలరావు కూలబడ్డాడు. రక్తం కంట్లోకి కారుతోంది. ఒక చేత్తో కన్ను తుడుచుకుంటూ, రెండో చేత్తో నేల తడుముతూ రూపాయలు దగ్గరకు లాక్కున్నాడు. "ఇయ్యిగో... ఉన్నయ్యే... లెక్క సరిపోయిందే" అన్నాడు. అతని గొంతులో సంతోషం ఉంది.

గోడ అవతలి నుంచి కేక వినపడింది. "తిరుపతమ్మా! మళ్ళీ డబ్బా జారిపడిందా?"

"లేదక్కా" అంది తిరుపతమ్మ. "నేనే కొట్టా."

ఆసుపత్రిలో కుట్లు వేస్తూ అడిగితే, అతను "అటక మీంచి డబ్బా జారిపడింది" అన్నాడట. మగవాడి పరువు కూడా నా మీదే!

ఇప్పుడు తిరుపతమ్మ మస్తాన్‌బీతో కలిసి మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళుతోంది. అతన్ని వదిలి, నన్ను వెంటబెట్టుకుని వచ్చిన తల్లీకూతుళ్ళకు ఒక గది, అందులో ఒక స్టవ్. నా సొట్ట అలాగే ఉంది, కానీ నడిమి గిన్నెలో ఇప్పుడు ఆవాలున్నాయి. పక్క గిన్నెలో కారం ఉంది. పోపు వాసన నా మూతలోకి పట్టింది. నేను చివరికి పోపుల డబ్బానయ్యాను. కూలి డబ్బులు కిటికీలో ఒక పళ్ళెంలో పడి ఉంటాయి. కావలసినప్పుడు ఎవరికి వారు తీసుకుంటారు. నెలాఖరుకు ఒక్కోసారి పళ్ళెం ఖాళీ అవుతుంది. ఆ రోజుల్లో పచ్చడితో తింటారు. ఎవరూ ఎవరినీ అడగరు.

ఒక్కటి మాత్రం ఇంకా పోలేదు. ఝాన్సీ కొట్టుకు వెళ్ళి వచ్చినప్పుడల్లా మిగిలిన చిల్లర అరచేతిలో పెట్టి తల్లి ముందు చాపుతుంది. చాపి, కళ్ళు గట్టిగా మూసుకుని, చెంప పక్కకు తిప్పుకుంటుంది. తిరుపతమ్మ ఆ చిల్లర వంక చూడదు. పిల్ల వేళ్ళను ఒక్కొక్కటిగా ముడిచి, గుప్పిట మూసి, కళ్ళు తెరిచేదాకా ఆ గుప్పిటను పట్టుకుని కూర్చుంటుంది.