కిలో కొసరు

ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్‌ల పొద్దుగాల ప్యాసింజర్ వచ్చేలోపల అంతయ్య తూకాలన్నీ అయిపోవాలె. సీతాఫలాల గంపలు, ఇప్పపువ్వు బస్తాలు, సారపప్పు మూటలు, జైనూర్ దిక్కు నుంచి బండ్ల మీద దిగిన కరక్కాయ. పార్సిల్ ఆఫీసు ముందర పెద్ద కాటా. దాని మీదికి ఎక్కించుడు, తూచుడు, మూట మీద చాక్‌పీసుతోని అంకె రాసుడు. ముప్పై ఏండ్ల నుంచి అదే కొలువు. ఆఖరికి ఆయనకు కాటా గూడ అక్కర లేకుంట అయింది. మనిషి నడిచొస్తుంటెనే కన్నుతోని తూచి, "యాభై మూడు" అనెటోడు. తప్పేది కాదు.

కొడుకు కొండల్ ఊరికి పోయే రోజయితే, గంపల వరుసల కొడుకును గూడ నిలవెట్టి తూచెటోడు. పోయేటప్పుడు ఒకసారి, వచ్చినంక ఒకసారి. ఎందుకంటే కొండల్ ఊరు దాటి ఎంత దూరం పోతే అంత తేలికయితడు. తిరిగొస్తే మళ్ల సరిపోతడు. కొందరు పిల్లలకు ఎండ పడది, కొందరికి పెరుగు పడది. కొండల్‌కు దూరం పడది, అంతే.

అయిదేండ్లప్పుడు వేములవాడ తీస్కపోయిన్రు. రాజన్న గుడి చుట్టు అంతయ్య ఒక చేతిల మొక్కు కోడె పగ్గం, ఇంకో చేతిల కొడుకు మొలతాడు పట్టుకోని తిరిగిండు. గాలి లేచినప్పుడల్లా పిలగాని కాళ్లు నేల విడుస్తుండె. వెనుక నడిచే ముసలామె చూసి, "పిలగాని జేబుల రెండు రాళ్లెయ్యరాదా, నీ చెయ్యన్న ఆరాం అయితది" అన్నది. తల్లి బుచ్చవ్వకు ఆ మాట నచ్చింది. అప్పటి నుంచి కొడుకు అంగీలన్నిటికి లోపల రెండు సంచులు కుట్టింది. అంగీ ఉతికినప్పుడు రాళ్లు గూడ కడిగి ఆరేసేది.

అట్లాంటి పిలగాడు ఇమానాల మీద మనసు పడకుంట ఎట్లుంటడు? చదువుకు సర్కారు వజీఫా పైసలు దొరికితే హైదరాబాద్ పోయి ఎగురుడు నేర్చుకున్నడు. అక్కడ ఆయన బరువు నలభై నాలుగు కిలోలు. నేర్పే సార్లకు ఆయనంటే పాణం. కొండల్ ఎక్కితే చిన్న ఇమానం రెండు గుక్కల పెట్రోలు తక్కువ తాగేదట.

పందొమ్మిది వందల అరవై నాలుగుల, దసరా సెలవులప్పుడు, ఇమానాల కంపెనీ నుంచి కవరొచ్చింది. నౌకరీ ఇచ్చిన్రు. డకోటా ఇమానంల పెద్ద పైలట్ పక్కన కూసునే కొలువు. కొండల్ ఆ కాయితం పట్టుకోని ప్లాట్‌ఫారం ఈ కొస నుంచి ఆ కొసకు ఉరికిండు. మళ్ల ఉరికొచ్చిండు. స్టేషన్ మాస్టరు గంట కొట్టుడు మర్చిపోయి చూసుకుంట నిలవడ్డడు.

కాయితంల ఇంకో ముచ్చట గూడ ఉన్నది. హైదరాబాద్, నాగ్‌పూర్, మద్రాసు, మూడు ఊర్లు రాసి, ఒకటి ఏరుకోమన్నరు. పొద్దున ఎగిరి ఏ దేశం పోయినా ఆఖరికి ఆ ఊర్లెనే దిగాలె, ఆ ఊర్లెనే కాపురం ఉండాలె. పదిహేనో తారీఖు లోపల ఫారం నింపి పంపాలె. కింద చిన్న అక్షరాలల్ల షరతు: ఏరుకున్న ఊర్లె జేబులు ఖాళీ చేసి తూస్తరు. యాభై కిలోలకు తక్కువుంటే కొలువు వరుసల తర్వాతోనికి పోతది.

"యాభై ఎందుకురా? గంపలకు లేని షరతు మనుషులకెందుకు?" అని బుచ్చవ్వ కోపం చేసింది.

"డకోటాకు కాలితోని పెడల్ తొక్కాలె అవ్వా. మనిషి బరువు ఆనాలె. గాలిల బెల్టు పట్టుకుంటది గాని, నేల మీద మాత్రం వాళ్ల లెక్క వాళ్లకుండాలె."

ఇంటి దగ్గర కొండల్ యాభై ఆరు. ఫికర్ లేదు. కాని ఇల్లు ఆ మూడు ఊర్లల్ల లేకపాయె.

బుచ్చవ్వ హైదరాబాదే అన్నది. పొద్దున బండెక్కితే సాయంత్రానికి కొడుకు ముఖం చూడొచ్చు. కొండల్‌కు మాత్రం మద్రాసు. రైల్వే క్యాలెండర్ల సముద్రం బొమ్మ చూసిన కాడి నుంచి ఆయనకు అదే యావ. తెల్లారంగ సముద్రం మీద ఎగిరితే కింద నీలం, పైన నీలం, నడుమ తను. కాని ఒకసారి బెజవాడ పోయినప్పుడు తూచుకుంటే నలభై ఒకటే ఉన్నడు. ఆ లెక్కన మద్రాసుల ముప్పై ఆరు కంటే ఎక్కువ ఉండడు.

హైదరాబాద్‌ల తక్కువ పడే ఆరు కిలోలు పెంచాలెనని బుచ్చవ్వ పది రోజులు సకినాలు, గారెలు, నెయ్యి పోసిన ముద్దలు పెట్టింది. ఇంట్ల యాభై ఎనిమిది అయిండు. పరీక్షకని కాజీపేట దాక పోయి తూచుకుంటే, పెరిగిన రెండూ కాజీపేట రాకముందే కరిగిపోయినయి.

"నా నెయ్యి అంత పెద్దపల్లి చెరువులల్ల పడ్డదా ఏంది?" అని బుచ్చవ్వ నెత్తి కొట్టుకున్నది.

ఇంట్ల అందరి మాట అయినంక సరోజన నోరు తెరిచింది. సరోజన బుచ్చవ్వ తమ్ముని బిడ్డ. ఆసిఫాబాద్‌ల ఆడపిల్లల బడిల పంతులమ్మ. కొండల్‌కు ఇయ్యాలని రెండు ఇండ్లల్ల ఎన్నడో అనుకున్నరు, ముహూర్తమే తక్కువ. బుచ్చవ్వకు బియ్యం చెరిగిపెడుతున్న సరోజన తల ఎత్తకుంటనే, "నాగ్‌పూర్ ఎవ్వరు చూసిన్రు?" అన్నది.

అందరూ ఆమె దిక్కు తిరిగిన్రు.

"రైలుకైతే ఇక్కడికెల్లి హైదరాబాద్, నాగ్‌పూర్ రెండూ సమానమే. కాని కాకి ఎగిరే దారి చూస్తే నాగ్‌పూరే దగ్గర. బడిల పటం మీద దారం పెట్టి కొలిచిన. బావకు రైలు దూరం పడదా, కాకి దూరం పడదా? ముందు అది తేలాలె."

కొండల్ ఎగిరి గంతేసిండు. "ఓసి నీ తెలివి తగలెయ్య! పా, రేపే పోదాం!"

మర్నాడు పొద్దుగాల అంతయ్య రైల్వే పాసు మీద నలుగురు బండెక్కిన్రు. సరోజనకు మరాఠీ వస్తది కాబట్టి ఆమె లేకుంటే నడవదని బుచ్చవ్వే పట్టువట్టింది. అది నెపమని ముగ్గురికి తెలుసు, సరోజనకు గూడ తెలుసు. కొండల్ తలుపు దగ్గర నిలవడి పాటలు పాడిండు. టేకుచెట్లు వెనుకకు ఉరుకుతున్నయి. వర్ధా నది వంతెన మీద బండి దడదడమంటుంటే సరోజన జడ గాలికి లేచి ఆయన చేతికి తాకింది. ఆ తర్వాత నది ఎటువోయిందో ఆయనకు యాదిలేదు.

మధ్యాహ్నం నాగ్‌పూర్‌ల దిగిన్రు. ప్లాట్‌ఫారం మీద ఎర్ర రంగు బరువు మిషన్ నిలవడ్డది. లోపల రంగురంగుల బల్బులు, గిర్రున తిరిగే చక్రం. పైస వేస్తే చిన్న అట్టముక్క పడుతది. ఒక దిక్కు బరువు, ఇంకో దిక్కు జాతకం.

కొండల్ అంగీ సంచులల్ల రాళ్లు తీసి తల్లి చేతిల పెట్టిండు. మిషన్ ఎక్కిండు. చక్రం తిరిగింది. అట్ట పడ్డది.

"నలభై తొమ్మిది" అన్నడు. హైదరాబాద్ కంటే అయిదు ఎక్కువే, సరోజన కాకి దూరం లెక్క నిజమే.

"ఒక్కటా? ఒక్క కిలోనా తక్కువ?" బుచ్చవ్వ కొంగు నోట్లె కుక్కుకున్నది.

సరోజన అట్ట వెనుక చదివింది. "మీకు త్వరలో ధనలాభం అని రాసిన్రు."

"ధనం సంగతి తర్వాత, దీని తూకమే తప్పు!" అని అంతయ్య తనే ఎక్కిండు. అరవై నాలుగు. ఆయన బరువు అరవై నాలుగే. బుచ్చవ్వను ఎక్కించిండు. అరవై ఒకటి. ఆమె బరువు అరవై ఒకటే. మిషన్‌ల తప్పులేదు. అంతయ్య ముఖం గంటు పెట్టుకోని ఇటు తిరిగిండు. ఆయన కన్ను సరోజన మీద పడి ఆగింది. కాళ్ల నుంచి తల దాక చూసిండు.

"బిడ్డా, పొద్దుగాల బండెక్కినప్పుడు నువ్వు నలభై అయిదు. ఇప్పుడు నలభై అయిదు లేవు."

"చాయ్ తాగిన కద మామా."

"ఏడు కిలోల చాయా? ఎక్కు."

సరోజన జరసేపు చెప్పుల దిక్కు చూసింది. ఎక్కింది. యాభై రెండు.

చాయ్ పిలగాడొకడు కెటిల్ పట్టుకోని వచ్చి, "కాయ్ తాయీ, చహా?" అన్నడు. "నకో దాదా" అని సరోజన మెల్లగ అన్నది. వాడు పోయిండు.

"నా ఏడు నీ దగ్గరున్నయా?" అన్నడు కొండల్.

"ఉన్నయి. ఎన్నడన్న అడిగినవా?"

"నీకెప్పటి నుంచి తెలుసు?"

"నువ్వు హైదరాబాద్ పోయిన నాటి నుంచి. దవాఖానల తూకం మీద చూసుకున్న. నువ్వు హైదరాబాద్‌ల ఉన్నా ఏడే, బెజవాడల ఉన్నా ఏడే. మిగిలింది యాడ పోతదో నాకు తెల్వది. నాకు అందేది ఏడే."

కొండల్‌కు కోపం రావాల్నో నవ్వు రావాల్నో తెలువలే. సంబురమే వచ్చింది. తను దూరం పోయినప్పుడల్లా తన ఏడు కిలోలు ఈ పిల్ల దగ్గర దాగున్నయని తెలిస్తే ఎవరికి రాదు? వెంటనే ఆయన బుర్రల సముద్రం లేచింది.

"గట్లయితే మద్రాసే! సరోజన, నాకు పద్నాలుగు ఇయ్యి. యాభై అయిత. లగ్గం చేసుకోని ఇద్దరం సముద్రం ఒడ్డుకు..."

"పద్నాలుగు ఇస్తే నేను ముప్పై ఎనిమిది" అన్నది సరోజన. "నువ్వు సముద్రం చూసేటందుకు నన్ను దూదిపింజను చేస్తవా బావా?"

"హైదరాబాదైతే ఆరే కద బిడ్డా" అన్నది బుచ్చవ్వ, అంగట్ల కూరగాయలు బేరం చేసినట్టు. "ఆరియ్యి. ఒకటి నువ్వుంచుకో."

సరోజన నవ్వలే. "అత్తమ్మా, నువ్వెరుగవా? ఇంట్ల నా మాటకు ఊక పాటి విలువ గూడ లేకుండె. అటు జరుపుతె అటు, ఇటు జరుపుతె ఇటు. ఈయన హైదరాబాద్ పోయిన నెలల బాపు నన్ను బడి మానమన్నడు, పుస్తకాలు పొయ్యిల పెడ్త అన్నడు. నేను పుస్తకాలు ఒళ్లె పెట్టుకోని గడపల కూసున్న. బాపు లేవట్టిండు, చిన్నాయిన లేవట్టిండు, పక్కింటాయన గూడ వచ్చి పట్టిండు. ముగ్గురూ చెమటలు కక్కిన్రు గాని నన్ను జరపలేకపోయిన్రు. ఆనాడు కూసున్నందుకే చదివిన. చదివినందుకే పంతులమ్మనైన. ఈయన సెలవుకొచ్చి నేను తేలికయినప్పుడల్లా ఇప్పటికీ పిల్లలు నా మాట వినరు. అన్నీ తిరిగియ్యమంటే నేనియ్యలేను."

బుచ్చవ్వ రాళ్లు ఒక చేతిలకెల్లి ఇంకో చేతిలకు మార్చుకున్నది. అంతయ్య గొంతు సవరించుకున్నడు.

"సామాను ఎవరి దగ్గరుంటే వాళ్లదే ఇష్టం. పార్సిల్ ఆఫీసుల గూడ అదే కాయిద" అన్నడు.

కొండల్ జేబులకెల్లి ఫారం తీసిండు. మడత విప్పిండు. మద్రాసు అనే అక్షరాల మీద వేలు పెట్టిండు, తీసిండు. ఆ గడపల పుస్తకాలు ఒళ్లె పెట్టుకోని కూసున్న పిల్ల కండ్ల ముందర మెదిలింది. ముగ్గురు మొగోళ్లు చెమటలు కక్కుతున్నరు, ఆమె కదలదు. తను అప్పుడు హైదరాబాద్ హాస్టల్ల మంచానికి నడుము కట్టుకోని పండుకునెటోడు, ఫ్యాన్ గాలికి లేవకుంట. తను పోగొట్టుకున్నదనుకున్నది అక్కడ అంత పని చేస్తుండె. సముద్రం ఎంత పెద్దదయితేంది, అది ఎవరి కోసం గడపల కూసున్నది?

"నాగ్‌పూర్‌ల ఏముంటది?" అని తనను తనే అడిగినట్టు అన్నడు.

"దేశంల నాలుగు దిక్కుల నుంచి టపా ఇమానాలు ఇక్కడికే వస్తయట" అన్నది సరోజన. "ఢిల్లీది, బొంబాయిది, కలకత్తాది, నీ మద్రాసుది గూడ. ఇక్కడే ఉత్తరాలు మార్చుకోని పోతయట. మద్రాసు ఇమానం ఎక్కి సముద్రం చూసి రా. దిగుడు మాత్రం ఇక్కడ దిగు. బట్టల మిల్లుల దగ్గర మన తెలుగోళ్లు చానమందున్నరు, వాళ్ల పిల్లలకు తెలుగు చెప్పేటోళ్లు లేరట. పరీక్షలు అయినంక నేనూ వస్త."

"నువ్వు... ఇక్కడికా?"

"మరి? ఇంటికాడ నువ్వుంటే నేను తేలిక. నువ్వు మద్రాసుల ఉంటే నా ఏడూ ఇచ్చినా నువ్వు తేలికే. ఇద్దరం నేల మీద నిలవడే ఊరు ఇదొక్కటే. ఎక్కు మిషన్."

కొండల్ ఎక్కిండు. సరోజన ఆయన ఎడమచేతి మణికట్టు పట్టుకోని బొటనవేలుతోని గట్టిగ ఒత్తింది.

"కిలో ఇస్తున్న. కొసరు" అన్నది. "ఇంకో గురిగింజంత అడుగుతివా, బరాబర్ తిరిగి గుంజుకుంట."

చెయ్యి విడిచిపెట్టి అడుగు వెనుకకు వేసింది. చక్రం గిర్రున తిరిగి ఆగింది. అట్ట పడ్డది. యాభై. సరోజన ఎక్కింది. యాభై ఒకటి. అంతయ్య రెండు అట్టలు చేతిల పట్టుకోని, ముప్పై ఏండ్ల కొలువుల మొదటిసారి తూకం చూసి కండ్లు తుడుచుకున్నడు.

కొండల్ ఫారం తండ్రి వీపు మీద పెట్టి నాగ్‌పూర్ అని రాసిండు. పెన్ను ఒత్తిన కాడ కాయితం చిన్నగ చినిగింది. స్టేషన్ బయట డబ్బాల ఫారం వేసేటందుకు అందరూ నడిచిన్రు. సరోజన ముందర, బుచ్చవ్వ, అంతయ్య ఆమె వెంట. ఆఖరుకు కొండల్.

ఊరు దాటినంక కొండల్ అడుగులకు చప్పుడు ఉండదు. ఈసారి చెప్పులు బండల మీద టక్కు టక్కుమన్నయి. ఆ చప్పుడు ఎవరిదా అని ఆయనే వెనుకకు తిరిగి చూసిండు. సరోజన తిరగలే. చెవి పెట్టి, ఆయన ఎన్ని అడుగుల దూరంల ఉన్నడో లెక్కవెట్టుకుంట, జర మెల్లగ నడిచింది.